పెరట్లోకి పిట్టలు, తేనెటీగలు రావాలంటే: సంక్రాంతి నుంచి వేసవి దాకా చేయాల్సిన పనులు

“గింజలు వేస్తూనే ఉన్నాం, ఒక్క పిచ్చుకా రావడం లేదు.” “బీరపాదు నిండా పూలే, పిందెలు మాత్రం పండుబారి రాలిపోతున్నాయి.” గుంటూరు, తెనాలి, మంగళగిరి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, విజయవాడ అవతల నున్న అనే ఊరి వైపు నుంచి కూడా ఈ రెండు మాటలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. రెండింటికీ మూలం చాలాసార్లు ఒక్కటే. మనం పనుల్ని తలకిందులుగా చేస్తున్నాం. అందరూ గింజలతో మొదలుపెడతారు. నిజానికి గింజలు చివరి పని. ముందు పురుగుమందు ఆగాలి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత పూలు, గూళ్ళు. ఈ వరస తప్పితే ఎంత ఖర్చుపెట్టినా ఫలితం ఉండదు.

ఇది పల్లెటూరి పెరడు ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. రెండు సెంట్ల దొడ్డి అయినా చాలు.

1. ముందు వారం రోజులు ఊరికే చూడండి

ఏదీ కొనకముందు ఒక కాగితం పెట్టుకుని పొద్దున ఏడింటికి, సాయంత్రం ఐదింటికి ఓ పదినిమిషాలు పెరట్లో కూర్చోండి. ఇవి రాసుకోండి:

- ఏ మూల పొద్దుటెండ పడుతోంది, ఏ మూల మధ్యాహ్నం కూడా నీడగా ఉంటోంది
- ఇప్పుడు ఏ మొక్క పూసి ఉంది, దాని మీద ఏవి వాలుతున్నాయి
- పిల్లి ఎటునుంచి వస్తోంది
- గోడల్లో, దూలాల్లో, ఎండిన మొద్దుల్లో చిన్న చిన్న బొక్కలు ఉన్నాయా, వాటిలోకి తేనెటీగల్లాంటి ఈగలు వెళ్ళి వస్తున్నాయా

చివరిది చాలా ముఖ్యం. ఇప్పటికే కాపురం ఉన్నవాటిని తెలియక సిమెంటు పూసి మూసేసి, కొత్తవాటి కోసం పెట్టెలు కొనడం చాలా ఇళ్ళల్లో జరుగుతోంది.

2. మందుల సంగతి తేల్చుకోండి

మన ప్రాంతంలో అసలు సమస్య ఇక్కడే ఉంది. చుట్టూ మిరప, పత్తి. తామరపురుగు పడితే రైతు మందు కొట్టక తప్పని పరిస్థితి, అతన్ని తప్పుపట్టి లాభం లేదు. కానీ మన పెరట్లో ఏం జరగాలో మన చేతుల్లోనే ఉంది.

పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గానీ, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మొదటి రోజుల్లో పురుగులే తిండి. లద్దెపురుగులు, పేనుబంక, చిన్న చిన్న ఈగలు కావాలి. పురుగే లేని పెరట్లో పిచ్చుక పిల్లను పెంచలేదు. అందుకే కూరగాయ మొక్కల మీద కాస్త పురుగు కనిపించగానే టెన్షన్ పడి స్ప్రేయర్ ఎత్తకండి.

తప్పనిసరైతే ఐదు శాతం వేపగింజల కషాయం సరిపోతుంది. అంటే 10 లీటర్ల నీటికి అరకిలో వేపగింజల పొడి. రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపి, సూర్యుడు అస్తమించాక కొట్టండి. వేప కదా అని పూల మీద కొట్టకండి, పొద్దుటిపూట అసలు కొట్టకండి. తేనెటీగలు పూల మీద ఉండేది అప్పుడే.

ఇవి ఈరోజే చేయండి:

- విత్తనశుద్ధి చేసిన మొక్కజొన్న, పత్తి విత్తనాలు మిగిలితే దొడ్లో పారబోయకండి. ఎరుపో, నీలమో రంగు అంటుకున్న గింజంటే దాని మీద మందు ఉన్నట్టే. పిట్టలు తింటే చస్తాయి. కోళ్ళకూ వేయకండి. నీళ్ళకు దూరంగా లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టండి.
- ఖాళీ మందు డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా వాటితో నీళ్ళ గిన్నెలు, గింజల డబ్బాలు చేయకండి.
- గడ్డిమందు మానేయండి. గట్ల మీద పెరిగే గడ్డిచామంతి తేనెటీగలకు ఏడాది పొడవునా అందే తిండి. గడ్డి కోయాల్సి వస్తే ఒక వారం ఒక సగం, ఆ తర్వాత రెండో సగం కోయండి.
- పక్క చేనువాళ్ళతో ఒక మాట అనుకోండి. “అన్నా, మందు కొట్టే రోజు ముందుగా ఒక మాట చెప్పు, వీలైతే సాయంత్రం కొట్టు” అంటే చాలామంది వింటారు. ఆ రోజు నీళ్ళ పళ్ళేలు బోర్లించి, మర్నాడు కడిగి మళ్ళీ పెట్టండి.

సంక్రాంతి అయ్యాక ఇంకో పని ఉంది. చెట్లకూ కరెంటు తీగలకూ గాలిపటాల దారం చిక్కుకుని ఉంటుంది. కొమ్మలకు చిక్కినదాన్ని కర్రతో తీసేయండి. తీగల మీద ఉన్నదాని జోలికి మాత్రం మీరు పోవద్దు, లైన్‌మన్‌కు చెప్పండి. నైలాన్ మాంజా ఏళ్ళ తరబడి చివకదు. రెక్క చిక్కిందంటే పిట్ట అక్కడే వేలాడి చచ్చిపోతుంది.

3. నీళ్ళు: కాలువ కట్టేసే ముందే అలవాటు చేయండి

డెల్టాలో వేసవి వచ్చేసరికి కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. పొలాలు ఎండి నెర్రెలిస్తాయి. సరిగ్గా అప్పుడే చాలా పిట్టలకు గూట్లో పిల్లలుంటాయి. ఎండ 45 డిగ్రీలకు చేరాక గిన్నె పెట్టేకన్నా ఫిబ్రవరిలోనే పెట్టి, ఇక్కడ నీళ్ళుంటాయని వాటికి తెలిసేలా చేయాలి.

పిట్టలకొకటి, తేనెటీగలకొకటి, రెండు పళ్ళేలు వేరువేరుగా ఉండాలి.

పిట్టలకు: అడుగున్నర వెడల్పున్న మట్టి మూకుడు తీసుకోండి. అంచు దగ్గర అంగుళం, మధ్యలో రెండంగుళాల లోతు నీళ్ళు చాలు. గిన్నె నున్నగా ఉంటే కాలు జారుతుంది, అందుకే ప్లాస్టిక్, స్టీలు వద్దు, పైగా ఎండకు కాలిపోతాయి. మూడడుగుల ఎత్తున రాయి మీదో మొద్దు మీదో, నీడలో పెట్టండి. పొదకు మరీ ఆనించి పెడితే పిల్లి పొంచి ఉంటుంది. ఆరేడు అడుగుల దూరం ఉంచితే పిట్టకు పిల్లి కనపడుతుంది, ఎగిరి దాక్కోవడానికి పొదా అందుతుంది.

తేనెటీగలకు: చిన్న మూకుడులో గులకరాళ్ళు నింపి, రాళ్ళ తలలు పైకి తేలేటట్టు నీళ్ళు పోయండి. రాయి మీద వాలి తాగి వెళ్తాయి. పంచదార నీళ్ళు, తేనె కలపకండి. చీమలు పడతాయి, తేనెపట్టుల మధ్య రోగాలూ పాకుతాయి. పళ్ళెం చోటు మార్చకండి.

నీళ్ళు రోజూ మార్చండి, రెండు రోజులకోసారి కొబ్బరిపీచుతో రుద్ది కడగండి, సబ్బు వద్దు. రోజూ మార్చే నీళ్ళలో దోమ పెరగదు. గుడ్డు దోమగా మారడానికి దాదాపు వారం పడుతుంది.

గొడ్లున్న ఇళ్ళవాళ్ళు ఒక్కసారి కుడితి తొట్టి, సిమెంటు గోళెం చూడండి. నిలువు గోడల తొట్టిలో పడ్డ పిట్టపిల్ల గానీ తేనెటీగ గానీ పైకి రాలేదు. ఒక చెక్కముక్కో, ఎండిన కొబ్బరిమట్టో అంచుకు ఆనేలా వేసి ఉంచండి. ఈ ఒక్క పని ఎన్నో ప్రాణాలు కాపాడుతుంది.

4. పూలు: ముద్ద వద్దు, రేక కావాలి

నర్సరీకి వెళ్తే మన కళ్ళు ముద్దమందారం, ముద్దబంతి, ముద్దనందివర్ధనం మీదికే పోతాయి. ముద్దపూలలో పుప్పొడి ఇచ్చే కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి. తేనె ఉన్నా ఈగకు దారి దొరకదు. దేవుడికి ముద్దపూలు పెంచుకోండి, కానీ తేనెపిట్టకూ తేనెటీగకూ రేకమందారం, రేకబంతి వేయండి.

రెండో సూత్రం: ఏ నెలా పూలు లేకుండా పోకూడదు. మామిడి పూత సంక్రాంతి నాటికి మొదలవుతుంది. మునగ ఫిబ్రవరి, మార్చిల్లో విరగబూస్తుంది. ఉగాదికి వేపపూత ఉండనే ఉంటుంది. నేరేడు, కానుగ ఆ వెంటనే. పెద్ద చెట్లు ఇలా చూసుకుంటాయి. వాటి మధ్య ఖాళీలు పూడ్చడం పొదల పని, చిన్న మొక్కల పని.

పొదలు, తీగలు: తంగేడు, వావిలి, అడ్డసరం, గోరింటాకు, దానిమ్మ, నిమ్మ, కరివేపాకు. కరివేపాకు చెట్టును ఎప్పుడూ కొట్టేస్తూ ఉండకుండా ఒక కొమ్మనైనా పూయనివ్వండి. పూలకు తేనెటీగలు వస్తాయి, నల్లగా పండిన కాయలకు కోయిల, పిగిలిపిట్ట వస్తాయి. పెరట్లో అరటి ఉంటే గెలకు చివర వేలాడే పువ్వును చివరి కాయ దిగగానే కోసేయకండి. తేనెపిట్టకు అదంటే ప్రాణం.

చిన్న మొక్కలు: తులసి, రుద్రజడ, ధనియాలు, ఆవాలు, మెంతి, ఉల్లి. తులసి వెన్నులు తుంచకపోతే మొక్క గిడసబారుతుందన్నది నిజమే. సగం తుంచండి, సగం వదలండి. ముదిరిన కొత్తిమీర మడిని పీకేయకుండా పూతకు వదిలితే, వంటింటి గుమ్మం పక్కనే రకరకాల చిన్న ఈగల్ని చూడొచ్చు.

ధనియాలు, ఆవాలు, బంతి నవంబరులో చల్లితే ఫిబ్రవరికి పూత అందుతుంది. ఆ అదను దాటిపోయినవాళ్ళు జనవరిలో నువ్వులు, పొద్దుతిరుగుడు వేయండి. నువ్వులు ఐదారు వారాల్లో పూస్తాయి, పొద్దుతిరుగుడుకు రెండు నెలలు. చెట్లు, పొదలు మాత్రం తొలకరికే నాటండి. ఎండాకాలం ముందు నాటితే నీళ్ళు పోయలేక చంపుకోవడమే.

ఒకే మొక్కను ఒక్కొక్కటిగా అక్కడక్కడా నాటేకన్నా నాలుగైదు కలిపి ఒక గుంపుగా పెట్టండి. తేనెటీగ ఒకసారికి ఒకే రకం పూల మీద తిరగడానికి ఇష్టపడుతుంది.

సర్కారు తుమ్మ సంగతి చాలామంది అడుగుతారు. దాని పూలకు తేనెటీగలు వస్తాయి, కాదనను. అయినా కొత్తగా పెంచకండి. ఉన్నదాన్ని ఒక్కసారే నరికేయకుండా, పక్కన కానుగ పూతకొచ్చే దాకా ఆగి తీసేయండి.

5. తేనెటీగలకు ఇల్లు: నేల, మట్టిగోడ, వెదురు

తేనెటీగ అనగానే తేనెపట్టే గుర్తొస్తుంది. పట్టు పెట్టేవి మన దగ్గర కొన్నే రకాలు: చెట్ల మీద, ట్యాంకుల కింద పెద్ద పట్టు పెట్టే కొండతేనెటీగ, తొర్రల్లో పుట్టల్లో ఉండే పుట్టతేనెటీగ, కొమ్మకు చిన్న పట్టు పెట్టే చిరుతేనెటీగ, గోడ సందుల్లో ఉండే కుట్టని బుల్లి ఈగలు. మిగతావాటిలో చాలావరకు ఒంటరివి. ఒక్కో ఆడ ఈగ తన బొరియ తానే తవ్వుకుని, పుప్పొడి పెట్టి, గుడ్డు పెట్టి మూసేసి వెళ్ళిపోతుంది. తేనె పోగుచేయదు, కాపలా కాయదు కాబట్టి కుట్టడమూ చాలా అరుదు.

ఈ ఒంటరి ఈగలు ఎందుకంత ముఖ్యమంటే, వంకాయ, టమాటా పూలలో పుప్పొడి గొట్టంలాంటి కేసరం లోపల ఉంటుంది. కొనకున్న సన్నని రంధ్రంలోంచి తప్ప బయటికి రాదు. నల్ల తుమ్మెద, పొట్ట మీద నీలిచారలుండే ఈగ పువ్వును పట్టుకుని జుమ్మని అదురుతాయి, అప్పుడు పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఈ పని రాదు. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ తేనెటీగ అయినా అంతే. కాబట్టి “తేనెటీగల్ని కాపాడదామని” ఆ పెట్టె కొనకండి. అది తేనె వ్యాపారానికి పనికొస్తుంది గానీ ఊరి ఈగలకు పూల దగ్గర పోటీ అవుతుంది.

*నేల.* పొద్దుటెండ పడే చోట మూడడుగుల చదరం నేలను ఏమీ కప్పకుండా, తవ్వకుండా, తొక్కకుండా వదిలేయండి. నల్లరేగడి అయితే వేసవిలో నెర్రెలిస్తుంది, వానకు బురదవుతుంది. అలాంటి చోట రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక కలిపి అడుగు ఎత్తు గట్టు పోసి గట్టిపరచండి. సన్నని బొరియ, పక్కన చిటికెడు మట్టిపొడి కనిపిస్తే పని జరుగుతున్నట్టే. చీమలనుకుని మందు చల్లకండి.

*మట్టిగోడ.* పాత మట్టిగోడ ముక్క ఉంటే అదే పెద్ద ఆస్తి, కూల్చకండి. లేకపోతే ఎర్రమట్టి, ఇసుక, కాస్త ఊక కలిపి పిసికి ఇటుకలా పోయండి. సగం ఆరాక పెన్సిల్‌తో నాలుగంగుళాల లోతు బొక్కలు పొడవండి, అవతలికి పోనివ్వకండి. పూర్తిగా ఎండాక వాన తగలని చూరు కింద, మూడు నాలుగడుగుల ఎత్తున పెట్టండి. కాల్చకండి, ఈగ లోపలికి ఇంకా తవ్వుకోవాలి.

*వెదురు.* సన్నని వెదురు, కాలువ గట్టు మీది కిక్కిస కాడలు, ఎండిన ఆముదం కాడలు ఆరంగుళాల ముక్కలుగా కోయండి. ఒకవైపు కణుపు మూసి ఉండాలి. రెండో వైపు రంధ్రం పెన్సిలంత, కొన్ని అంతకన్నా సన్నవి. లోపలి అంచును గరుకుకాగితంతో నున్నగా చేయండి, పీచు ఉంటే రెక్కలు చిరుగుతాయి. ముప్ఫై నలభై ముక్కలు కట్టగా కట్టి, తూర్పు ముఖంగా, చూరు కింద, గాలికి ఊగకుండా బిగించండి. వేలాడదీస్తే రావు.

కొన్నాళ్ళకు కొన్ని గొట్టాల మూతి ఆకుముక్కలతోనో మట్టితోనో మూసి కనిపిస్తుంది. ఆకుముక్కలైతే ఆకు కత్తిరించే ఈగ. గులాబీ, కంది ఆకుల అంచున గుండ్రంగా కోసుకుపోయేది అదే. ఆ కోతల వల్ల మొక్కకు నష్టం లేదు. మూసిన గొట్టాల్ని కదిలించకండి. ఖాళీ అయినవాటిని ఏడాదికోసారి మార్చండి, లేకపోతే బూజు, కంటికి ఆనని నల్లి పురుగులు చేరతాయి.

నల్ల తుమ్మెద దూలాన్ని తొలిచేస్తోందని భయపడేవాళ్ళు దూలానికి రంగు వేసి, పెరట్లో ఒక ఎండు మామిడి మొద్దు నిలబెట్టండి. తుమ్మెదకు రంగు వేయని ఎండు కర్ర అయితే చాలు.

6. పిట్టల గూళ్ళు

పెంకుటిళ్ళలో పెంకుల కింద సందుల్లో పిచ్చుక గూడు పెట్టేది. స్లాబు ఇంట్లో ఆ సందు లేదు. అందుకే దానికి పెట్టె కావాలి. మిగతా పిట్టల్లో చాలావాటికి పెట్టె అక్కర్లేదు, మనం కత్తెర పట్టకుండా ఉంటే చాలు.

పిచ్చుక పెట్టె కొలతలు:

- అడుగుభాగం 6 అంగుళాల చదరం, ఎత్తు 8 అంగుళాలు, అరంగుళం మందం చెక్క
- రంధ్రం 32 మిల్లీమీటర్లు. ఇంతకన్నా పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది
- రంధ్రం అడుగుభాగం నుంచి ఐదంగుళాల పైన ఉండాలి
- రంధ్రం ముందు కూర్చునే పుల్ల వద్దు, అది కాకికే పనికొస్తుంది
- అడుగున నాలుగు సన్న రంధ్రాలు, పైన పక్కల గాలికి రెండు
- లోపల రంగు, వార్నిష్ వద్దు. రేకు డబ్బా అసలే వద్దు, వేసవిలో పిల్లలు ఉడికిపోతాయి

ఎనిమిది, పది అడుగుల ఎత్తున, చూరు కింద, తూర్పు లేదా ఉత్తరం ముఖంగా బిగించండి. దగ్గర్లో సీలింగ్ ఫ్యాన్ ఉండకూడదు. పిచ్చుకలు గుంపుగా బతుకుతాయి కాబట్టి మూడు నాలుగు పెట్టెలు కొద్ది దూరంలో పెట్టండి. జనవరిలో పెడితే మంచిది. ఒక సీజను రాకపోయినా చోటు మార్చకండి.

ఎండిన తాటి, కొబ్బరి మోడులు ఇంటి మీద పడే ప్రమాదం లేకపోతే ఉంచండి. చిలుకలు చలికాలం చివర్లోనే ఆ తొర్రల్లో చేరతాయి, వేసవిలో పాలపిట్ట, గోరింక. కొట్టక తప్పకపోతే వానాకాలం గడిచాక కొట్టండి.

మార్చి నుంచి జులై దాకా పొదలు కత్తిరించకండి. పిగిలిపిట్ట మన నడుమెత్తు పొదలోనే గూడు కడుతుంది. టైలర్ పిట్ట పెద్ద ఆకుల్ని కుట్టి అందులో పెడుతుంది. తేనెపిట్ట సాలెగూడు దారాలతో సంచిలా అల్లుకుంటుంది, అందుకే పెరటి మూలల్లో సాలెగూళ్ళన్నీ దులపకండి. గూటికోసం ఎండుగడ్డి, కొబ్బరిపీచు, దూది ఒక మూల ఉంచొచ్చు. నైలాన్ దారం, జుట్టు వద్దు, పిల్లల కాళ్ళకు చుట్టుకుంటాయి.

7. ఇప్పుడు గింజలు

వరికంకులు కుచ్చుగా కట్టి వసారాలో వేలాడదీయండి, పిచ్చుకలకు అంతకన్నా మంచిది లేదు. లేదంటే నూకలు, కొర్రలు, సజ్జలు రోజూ ఒకే వేళకు గుప్పెడు. గంటలో అయిపోయేంతే వేయండి. మిగిలితే ఎలుకలు, వాటి వెనక పాములు వస్తాయి. ఉప్పు వేసిన అన్నం, బ్రెడ్, కారప్పూస, పాలు వద్దు.

8. ఎక్కడ తేడా వస్తుంది, ఏం చేయాలి

*పెట్టె పెట్టి రెండు నెలలైనా పిచ్చుక రాలేదు.* రంధ్రం కొలవండి, పడమటి ఎండ పడుతోందేమో చూడండి. రెండూ సరిగ్గా ఉంటే వరికుచ్చు దగ్గర్లో కట్టి ఓపిక పట్టండి.

*గూట్లోకి చీమలు వెళ్తున్నాయి.* గూటిపై ఏ మందూ చల్లకండి. పెట్టె గుంజకు ఉన్నా, చెట్టుకు ఉన్నా కిందుగా గ్రీజు పూసిన గుడ్డ చుట్టండి. పిట్టలు వాలని చోటే చుట్టాలి.

*పిల్ల కింద పడింది.* ఈకలు రాకపోతే గూట్లో పెట్టేయండి, మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. ఈకలు వచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. పిల్లికి అందని కొమ్మ మీద ఉంచి దూరంగా వెళ్ళండి. చిలుకపిల్లను పంజరంలో పెంచుకోవడం మాత్రం చట్టప్రకారం నేరం.

*కిటికీ అద్దాన్ని పిట్ట కొడుతోంది.* అద్దం బయటివైపు రెండంగుళాలకొకటిగా ముగ్గుపిండితోనో తెల్లరంగుతోనో చుక్కలు పెట్టండి.

*సపోటా, జామ కాయల్ని చిలుకలు కొరికేస్తున్నాయి.* చెట్టంతా నైలాన్ వల కప్పితే పిట్టలు చిక్కి చస్తాయి. మీకు కావలసిన కాయలకు కాగితపు సంచులు కట్టి, పై కొమ్మలవి వాటికి వదిలేయండి.

*ఇంటి మీద కొండతేనెటీగ పట్టు పెట్టింది.* రాళ్ళు వేయకండి, పొగ పెట్టకండి, కాగడాతో కాల్పించకండి. ఇవి వలస తిరిగేవి, పూత అయిపోయాక కొన్ని నెలల్లో వాటంతటవే వెళ్ళిపోతాయి. రాత్రి పట్టు దగ్గర లైటు ఆర్పేయండి, వెలుగుకు లేచి వస్తాయి. పిల్లలు తిరిగే చోటైతే తెలిసినవాళ్ళను పిలిపించి చంపకుండా తీయించండి. ఎవరికైనా కుట్టాక ఊపిరాడకపోయినా, పెదవులూ నాలుకా వాచినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

9. నెలవారీ పనులు

- నవంబరు: ధనియాలు, ఆవాలు, రేకబంతి చల్లడం
- జనవరి: సంక్రాంతి తర్వాత మాంజా తీయడం, పిచ్చుక పెట్టెలు, వెదురు కట్టలు బిగించడం, కొత్త వరికుచ్చు కట్టడం
- ఫిబ్రవరి: రెండు నీళ్ళ పళ్ళేలు, మట్టి ఇటుక, తొట్లలో చెక్కముక్కలు
- మార్చి నుంచి మే: రోజూ నీళ్ళు, కత్తెర బంద్, ఆకులు తగలబెట్టడం బంద్
- జూన్, జులై: తొలకరికి కానుగ, నేరేడు, వావిలి, తంగేడు నాటడం
- అక్టోబరు: ఖాళీ అయిన పిచ్చుక పెట్టెలు దులిపి ఎండబెట్టడం, పాత వెదురు మార్చడం